విద్యుత్ పొయ్యికి తీగ, బ్రేకరు ఎంపిక

విద్యుత్ పొయ్యికి తీగ, బ్రేకరు ఎంపిక అనగా వంటకు వాడే పొయ్యి ఎంత కరెంటు తీసుకొంటుందో ముందుగా లెక్క కట్టి, ఆ కరెంటును మితిమీరి వేడెక్కకుండా మోయగల తీగను, ఆ తీగను కాపాడగల బ్రేకరును నిర్ణయించుకొనుట. ఇంటిలోని విద్యుత్ ఉపకరణాలలో పొయ్యి ఎక్కువ కరెంటును ఎక్కువసేపు తీసుకొనే వాటిలో ఒకటి. టి.వి., ఫ్యాను, దీపాల కోసం వేసిన తీగపై పొయ్యిని పెట్టినచో తీగ గోడలోపలే కాగి, తొడుగు కరగి, అగ్నిప్రమాదానికి దారితీయవచ్చు.

ఈ విషయంలో చాలామందికి ఉన్న అపోహ ఒకటి కలదు. బ్రేకరు పొయ్యిని కాపాడుతుందని అనుకొంటారు. నిజానికి బ్రేకరు కాపాడేది గోడలోని తీగను. కనుక పొయ్యి వేసినపుడల్లా బ్రేకరు పడిపోతూ ఉంటే, దాని స్థానంలో పెద్ద బ్రేకరు పెట్టడం పరిష్కారం కాదు. అది కాపలా మనిషిని పంపివేసి తలుపు తెరిచి ఉంచడం వంటిది.

నేపథ్యం

హైదరాబాదులోని రాంనగర్, చిక్కడపల్లి, నారాయణగూడ, అశోక్ నగర్ పరిసరాలు ఈ సమస్యకు మంచి ఉదాహరణ. ఇచ్చట పాత డాబా ఇళ్ళు, వాటిపై తరువాత లేపిన అంతస్తులు, కొత్త అపార్టుమెంట్లు పక్కపక్కనే కనిపిస్తాయి. అశోక్ నగర్, చిక్కడపల్లి ప్రాంతాలు పోటీ పరీక్షల శిక్షణ కేంద్రాలకు పేరుపొందినవి. చిక్కడపల్లిలోని నగర కేంద్ర గ్రంథాలయానికి చదువుకొనుటకు వచ్చే అభ్యర్థులు పలువురు చుట్టుపక్కల వీధులలో గదులు అద్దెకు తీసుకొని ఉంటారు. గ్యాసు కనెక్షన్ లేని గదిలో అన్నం వండుకొనుటకు చవకైన మార్గం కాయిల్ హీటరు లేదా ఇండక్షన్ స్టవ్.

పాత ఇళ్ళకు వైరింగు చేసిన రోజులలో వంట కిరోసిన్ స్టవ్ మీదనో, బొగ్గుల కుంపటి మీదనో, తరువాత గ్యాసు మీదనో జరిగేది. కరెంటు అవసరం నాలుగు బల్బులు, రెండు ఫ్యాన్లు, ఒక రేడియోతో తీరేది. ఇవన్నీ కలిసినా 2 ఆంపియర్లు దాటవు. అదే తీగపై నేడు ఒక గదిలో 2000 వాట్ల పొయ్యి, పక్క గదిలో ఇంకొక పొయ్యి వెలుగుతున్నాయి. గోడపై రంగు కొత్తదైనా గోడలోని తీగ పాతదే కావచ్చును.

విద్యుత్ పొయ్యి రకాలు

* కాయిల్ హీటరు: మట్టి లేదా పింగాణీ పళ్ళెం గాడిలో నైక్రోమ్ తీగ చుట్ట ఉంటుంది. సాధారణంగా 1000 నుండి 2000 వాట్లు. చుట్ట బయటికి కనబడే రకంలో ఆ చుట్టలోనే కరెంటు ఉంటుంది కనుక స్టీలు గిన్నె, గరిటె తగిలినచో షాక్ కొట్టవచ్చు.
* ఇండక్షన్ స్టవ్: అయస్కాంత క్షేత్రం ద్వారా గిన్నె అడుగునే వేడి పుట్టిస్తుంది. అయస్కాంతం అంటుకొనే, అడుగు చదునుగా ఉన్న పాత్రలే పనికివస్తాయి. మన బజారులో దొరికేవి ఎక్కువగా 1200 నుండి 2100 వాట్లు.
* ఇన్‌ఫ్రారెడ్ స్టవ్: గాజు పలక కింద ఎర్రగా కాలే చుట్ట ఉంటుంది. ఏ పాత్రనైనా పెట్టవచ్చు. సుమారు 2000 వాట్లు.
* వంటగట్టులో బిగించే హాబ్: రెండు, మూడు లేదా నాలుగు పొయ్యిలు కలిసి ఉంటుంది. నాలుగు పొయ్యిల హాబ్ మొత్తం 7000 వాట్లు దాటవచ్చును.

పొయ్యి అడుగున లేదా వెనుక అతికించిన రేకుపై వాట్లు, ఓల్టులు ముద్రించి ఉంటాయి. లెక్క అంతా ఆ సంఖ్యతోనే మొదలవుతుంది.

కరెంటు లెక్క

మన దేశంలో ఇళ్ళకు వచ్చే సింగిల్ ఫేజు సరఫరా 230 ఓల్టులు. పొయ్యి తీసుకొనే కరెంటుకు సూత్రం:

కరెంటు (ఆంపియర్లు) = సామర్థ్యం (వాట్లు) ÷ వోల్టేజి (ఓల్టులు)

ఉదాహరణకు 2000 వాట్ల పొయ్యి తీసుకొనే కరెంటు 2000 ÷ 230 = 8.7 ఆంపియర్లు. సాధారణ చిన్న ప్లగ్ సాకెట్ 6 ఆంపియర్లకు, పెద్ద పవర్ ప్లగ్ సాకెట్ 16 ఆంపియర్లకు తయారైనవి. పాత ఇళ్ళలో ఇవే 5, 15 ఆంపియర్ల పేరుతో ఉండేవి. 1500 వాట్ల పొయ్యి సైతం 6.5 ఆంపియర్లు తీసుకొంటుంది కనుక చిన్న సాకెట్‌కు అది ఎక్కువే. పెద్ద ప్లగ్గును చిన్న సాకెట్‌లో పెట్టుటకు అమ్మే మార్పిడి ప్లగ్గులను పొయ్యికి వాడరాదు. చిన్న ప్లగ్గు ఉన్న ఎక్స్‌టెన్షన్ బాక్సులకూ ఇదే వర్తిస్తుంది.

తీగ ఎందుకు వేడెక్కుతుంది

ప్రతి తీగకూ కొంత నిరోధం ఉంటుంది. కరెంటు ప్రవహించినపుడు ఆ నిరోధం వలన వేడి పుడుతుంది. ఆ వేడి కరెంటు వర్గానికి అనులోమానుపాతంలో ఉంటుంది. అనగా కరెంటు రెట్టింపైతే వేడి నాలుగు రెట్లు అవుతుంది. పాఠశాలలో జౌల్ నియమం అని చదివినది ఇదే.

ఒక చదరపు మిల్లీమీటరు మందం గల రాగి తీగకు మీటరు పొడవున సుమారు 0.0172 ఓముల నిరోధం ఉంటుంది. అందులో 8.7 ఆంపియర్లు పోయినపుడు మీటరుకు 1.3 వాట్ల వేడి పుడుతుంది. అదే తీగపై రెండు పొయ్యిలు వెలిగి 17.4 ఆంపియర్లు పోయినచో మీటరుకు 5.2 వాట్లు పుడుతుంది. ఈ సంఖ్య చిన్నదిగా తోచవచ్చును. కాని తీగ గాలి ఆడని గొట్టంలో, సిమెంటు గోడలో ఉన్నది. పుట్టిన వేడి త్వరగా బయటికి పోలేదు.

ఇళ్ళలో వాడే తీగల పి.వి.సి. తొడుగు సాధారణంగా 70 డిగ్రీల సెల్సియస్ వరకు తట్టుకొంటుంది. తరచుగా ఆ హద్దు దాటినచో తొడుగు మొదట గట్టిపడి, పెళుసై, పగుళ్ళు తీస్తుంది. ఇది ఒక్క రోజులో జరిగేది కాదు. నెలలు, సంవత్సరాలు గోడలోపల జరిగి, ఒకనాడు షార్ట్ సర్క్యూట్ రూపంలో బయటపడుతుంది.

తీగ సామర్థ్యం

తీగ మందాన్ని చదరపు మిల్లీమీటర్లలో చెబుతారు. దుకాణాలలో దీనినే స్క్వేర్ ఎం.ఎం. అంటారు. ఇళ్ళకు 1, 1.5, 2.5, 4, 6, 10 కొలతలు దొరుకుతాయి. గోడపై లేదా గోడలోని గొట్టంలో ఒకే సర్క్యూట్ తీగలు ఉన్నపుడు పి.వి.సి. తొడుగు గల రాగి తీగ మోయగల కరెంటు సుమారుగా ఇలా ఉంటుంది.

| తీగ మందం (చదరపు మి.మీ.) | 30 డిగ్రీల వద్ద (ఆంపియర్లు) | 45 డిగ్రీల వద్ద (ఆంపియర్లు) |
|---|---|---|
| 1.5 | 17.5 | 13.8 |
| 2.5 | 24 | 19 |
| 4 | 32 | 25 |
| 6 | 41 | 32 |
| 10 | 57 | 45 |

రెండవ వరుసను మాత్రమే చూసి తీగ కొనడం పొరపాటు. హైదరాబాదులో ఏప్రిల్, మే నెలలలో బయటి ఉష్ణోగ్రత 40 డిగ్రీలు దాటుతుంది. పై అంతస్తు గదిలో, ఎండ తగిలే గోడలో ఇంకా ఎక్కువ ఉంటుంది. చుట్టూ ఉన్న గాలి వేడిగా ఉంటే తీగ తన వేడిని వదలలేదు కనుక మోయగల కరెంటు తగ్గుతుంది. అందువలన మన ప్రాంతానికి మూడవ వరుసనే ఆధారంగా తీసుకొనుట క్షేమం.

రెండవ తగ్గింపు గొట్టంలోని గుంపును బట్టి ఉంటుంది. ఒకే గొట్టంలో రెండు సర్క్యూట్ల తీగలు ఉన్నచో సామర్థ్యం 0.8 వంతుకు, మూడు ఉన్నచో 0.7 వంతుకు తగ్గుతుంది. ఉదాహరణకు 2.5 తీగ 45 డిగ్రీల వద్ద 19 ఆంపియర్లు మోస్తుంది. అదే గొట్టంలో గీజరు తీగలు కూడా ఉన్నచో 19 × 0.8 = 15.2 ఆంపియర్లే మోయగలదు. ఇది 16 ఆంపియర్ల బ్రేకరు కన్నా తక్కువ. అట్టి చోట 4 తీగ వేయవలెను, లేదా పొయ్యికి వేరే గొట్టం వేయవలెను.

పాత ఇళ్ళలోని గేజి తీగలు

పాత ఎలక్ట్రీషియన్లు తీగను 1/18, 3/20, 7/20 అని పిలుస్తారు. గీతకు ముందున్న సంఖ్య పోగుల లెక్క, తరువాతి సంఖ్య ఒక్కొక్క పోగు గేజి. గేజి సంఖ్య పెరిగితే పోగు సన్నబడుతుంది. ఈ కొలతలను చదరపు మిల్లీమీటర్లలోకి మార్చినచో:

* 1/18: సుమారు 1.2
* 3/22: సుమారు 1.2
* 3/20: సుమారు 2.0
* 7/22: సుమారు 2.8
* 7/20: సుమారు 4.6

3/20 తీగను 2.5 తీగకు సమానమని అనుకొనడం కలదు. లెక్క ప్రకారం అది 2.0 మాత్రమే. దానిని 2.5 తీగగా భావించి బ్రేకరు పెట్టరాదు.

కొన్ని పాత కట్టడాలలో రాగికి బదులు అల్యూమినియం తీగలు ఉంటాయి. గీరి చూస్తే వెండి వంటి తెలుపు కనిపిస్తుంది. అయితే కళాయి పూసిన రాగి తీగ కూడా పైకి తెల్లగానే ఉంటుంది కనుక కోసిన చివరను చూడవలెను. అల్యూమినియం విద్యుద్వాహకత రాగిలో సుమారు 61 శాతం. అందుచేత 2.5 అల్యూమినియం తీగ రమారమి 1.5 రాగి తీగతో సమానం. పైగా అల్యూమినియం స్క్రూ కింద కాలక్రమేణా నలిగి వదులవుతుంది. అట్టి తీగపై విద్యుత్ పొయ్యి పెట్టుట మంచిది కాదు.

బ్రేకరు పనిచేయు విధం

ఇళ్ళలో వాడే చిన్న బ్రేకరును ఎం.సి.బి. అంటారు. ఇందులో రెండు ఏర్పాట్లు ఉంటాయి. ఒకటి రెండు లోహాల పట్టీ. కరెంటు కొద్దిగా ఎక్కువై చాలాసేపు ఉన్నపుడు ఈ పట్టీ వేడెక్కి వంగి బ్రేకరును పడవేస్తుంది. రెండవది అయస్కాంత చుట్ట. షార్ట్ సర్క్యూట్ వలన కరెంటు ఒక్కసారిగా అనేక రెట్లు పెరిగినపుడు ఇది క్షణంలో పడవేస్తుంది. బి రకం బ్రేకరులో ఈ చుట్ట 3 నుండి 5 రెట్ల మధ్య, సి రకంలో 5 నుండి 10 రెట్ల మధ్య పనిచేస్తుంది. పొయ్యి, గీజరు వంటి వేడి ఉపకరణాలకు బి రకం సరిపోతుంది. మోటారు ఉన్న వాటికి సి రకం వాడుతారు.

బ్రేకరుపై 16 అని ఉన్నంత మాత్రాన 16 దాటగానే పడిపోదు. ప్రమాణం ప్రకారం తన అంకెకు 1.13 రెట్ల కరెంటు వద్ద గంట వరకు పడిపోరాదు. 1.45 రెట్ల వద్ద గంటలోపు తప్పక పడిపోవలెను. అనగా 16 ఆంపియర్ల బ్రేకరు 18 ఆంపియర్లను గంటసేపు ఊరక చూస్తూ ఉంటుంది. 23 ఆంపియర్లకు సైతం గంట వరకు వ్యవధి తీసుకొనవచ్చును. ఈ కారణం చేతనే తీగ సామర్థ్యం బ్రేకరు అంకె కన్నా తక్కువగా ఎన్నడూ ఉండరాదు.

పాత ఇళ్ళలో ఎం.సి.బి.కి బదులు పింగాణీ ఫ్యూజు ఉంటుంది. అందులో కట్టే ఫ్యూజు తీగ 5 ఆంపియర్లకు 0.2 మి.మీ., 15 ఆంపియర్లకు 0.5 మి.మీ. వ్యాసం గలది. అది దొరకలేదని వైరులోని రాగి పోగులు రెండు మూడు మెలిపెట్టి కట్టినచో ఫ్యూజు ఉన్నా లేనట్లే.

పాటించవలసిన క్రమం

మూడు సంఖ్యలు ఎల్లప్పుడు ఈ వరుసలో ఉండవలెను:

పొయ్యి తీసుకొనే కరెంటు < బ్రేకరు అంకె < తీగ మోయగల కరెంటు

ఎంపిక కూడా ఇదే వరుసలో చేయవలెను. మొదట పొయ్యి కరెంటు లెక్క కట్టి, దానికి పైన ఉన్న బ్రేకరును తీసుకొని, ఆ బ్రేకరుకు పైన ఉన్న తీగను వేయవలెను. తీగ గోడలో ఇదివరకే ఉన్నచో లెక్క తిరగబడుతుంది. ఆ తీగ మోయగల కరెంటు మొదట తెలుసుకొని, దానికి లోబడిన బ్రేకరు పెట్టి, ఆ బ్రేకరుకు లోబడిన పొయ్యిని కొనవలెను. సింగిల్ ఫేజు సరఫరాకు, విడిగా వేసిన సర్క్యూట్‌కు ఈ పట్టిక ఉపయోగపడుతుంది. పట్టికలోని తీగ కొలతలు రాగికి, 45 డిగ్రీల వేడికి చెప్పినవి.

| పొయ్యి (వాట్లు) | కరెంటు (ఆంపియర్లు) | బ్రేకరు (ఆంపియర్లు) | తీగ (చదరపు మి.మీ.) | కలిపే విధం |
|---|---|---|---|---|
| 1500 | 6.5 | 16 | 2.5 | 16 ఆంపియర్ల సాకెట్ |
| 2000 | 8.7 | 16 | 2.5 | 16 ఆంపియర్ల సాకెట్ |
| 3000 | 13.0 | 16 | 4 | 16 ఆంపియర్ల సాకెట్ |
| 3500 | 15.2 | 20 | 4 | సాకెట్ లేకుండా నేరుగా |
| 5000 | 21.7 | 25 | 6 | నేరుగా |
| 7200 | 31.3 | 40 | 10 | నేరుగా |

3000 వాట్ల పొయ్యికి 2.5 తీగ లెక్కకు సరిపోయినా 4 తీగ వేయుట మేలు. వంట అరగంటలో ముగియవచ్చు, పండుగ నాడు పిండివంటలకు మూడు గంటలు కూడా సాగవచ్చు. ఎడతెగక సాగే భారానికి కొంత మిగులు ఉండవలెను. ఫేజు, న్యూట్రల్, ఎర్త్ తీగలు మూడూ ఒకే మందంలో వేయుట ఉత్తమం. పొయ్యి న్యూట్రల్‌ను దీపాల న్యూట్రల్‌తో కలుపరాదు, ఎందుకనగా ఫేజు తీగకు పట్టే కరెంటంతా న్యూట్రల్‌కు కూడా పడుతుంది.

ఉదాహరణ 1: అద్దె గదులు

రాంనగర్‌లోని ఒక పాత ఇంటి పై అంతస్తులో రెండు గదులు అద్దెకు ఇచ్చారనుకొందాం. రెండింటికీ కలిపి ఒకే 1 చదరపు మి.మీ. తీగ, ఒకే 6 ఆంపియర్ల బ్రేకరు ఉన్నాయి. వేసవిలో ఈ తీగ మోయగలది సుమారు 11 ఆంపియర్లు. ఒక గదిలో 2000 వాట్ల పొయ్యి వేయగా 8.7 ఆంపియర్ల వలన బ్రేకరు కొద్దిసేపటికి పడిపోతుంది. అద్దెకున్నవారు ఫిర్యాదు చేస్తారు. యజమాని ఎవరినో పిలిచి 20 ఆంపియర్ల బ్రేకరు పెట్టిస్తారు. ఆనాటి నుండి బ్రేకరు పడదు, ఫిర్యాదు రాదు. అందరూ సమస్య తీరిందనుకొంటారు.

ఇప్పుడు సాయంత్రం రెండు గదులలో ఒకేసారి వంట మొదలైనచో కరెంటు 17.4 ఆంపియర్లు అవుతుంది. ఇది 20 కన్నా తక్కువ కనుక బ్రేకరు ఎంతసేపైనా పడదు. కాని 11 ఆంపియర్ల తీగలో 17.4 పోతున్నవి. అనుమతించిన దానికన్నా వేడి సుమారు 2.5 రెట్లు పుడుతున్నది. తెలియజెప్పే సాధనం ఇంటిలో ఒక్కటి కూడా లేదు. మొదటి 6 ఆంపియర్ల బ్రేకరు చెప్పినది నిజమే: ఈ తీగ ఈ పొయ్యికి తగదు.

సరియైన పరిష్కారం మెయిన్ బోర్డు నుండి ఒక్కొక్క గదికి విడిగా 2.5 తీగ, విడిగా 16 ఆంపియర్ల బ్రేకరు, ఒక 16 ఆంపియర్ల సాకెట్. గోడ పగులగొట్టుట ఇష్టం లేనిచో గోడపై పి.వి.సి. పట్టీ బిగించి అందులో తీగ తీసుకొనిపోవచ్చును. బోర్డు నుండి గది వరకు 25 మీటర్లు ఉన్నచో పోయే దారి, వచ్చే దారి కలిపి 50 మీటర్ల తీగలో 2000 వాట్ల పొయ్యికి 3 ఓల్టులు మాత్రమే తగ్గుతుంది. అదే దూరానికి 1 తీగలో 7.5 ఓల్టులు తగ్గుతుంది. తీగల చుట్ట సాధారణంగా 90 మీటర్లు ఉంటుంది. ఒక గదికి ఫేజు, న్యూట్రల్, ఎర్త్ కలిపి 75 మీటర్లు పట్టును. రంగులు వేరుగా ఉండవలెను కనుక మీటర్ల లెక్కన కోయించి తీసుకొనుట మంచిది.

ఈలోపు అద్దెకున్నవారు చేయగలిగినవి కొన్ని కలవు. ఇండక్షన్ స్టవ్‌ను 1000 వాట్ల మెట్టు దాటకుండా వాడుట, ఆ సమయంలో ఇస్త్రీపెట్టె, నీళ్ళ హీటరు పెట్టకుండుట, పక్క గదివారితో వంట వేళలు పంచుకొనుట. ఇవి తాత్కాలిక ఉపాయాలే గాని పరిష్కారాలు కావు.

ఉదాహరణ 2: అపార్టుమెంటులో నాలుగు పొయ్యిల హాబ్

కొత్త వంటగదిలో 7200 వాట్ల హాబ్ బిగించదలచిన వారికి సింగిల్ ఫేజుపై 31.3 ఆంపియర్లు కావలెను. 32 ఆంపియర్ల బ్రేకరు, 6 తీగ అంచుమీద సరిపోతాయి గాని వేసవిలో మిగులు ఏమీ ఉండదు. 40 ఆంపియర్ల బ్రేకరు, 10 తీగ క్షేమం. హాబ్‌ను బిగించే ముందే పక్కన అందుబాటులో రెండు పోల్‌ల స్విచ్ ఒకటి పెట్టించవలెను. అది ఫేజును, న్యూట్రల్‌ను రెండింటినీ తెంచుతుంది.

ఇంటికి త్రీ ఫేజు సరఫరా ఉండి, హాబ్ తయారీదారు పత్రం అనుమతించినచో దానిని రెండు ఫేజులపై విడగొట్టి కలుపవచ్చును. అప్పుడు ఒక్కొక్క ఫేజుపై 3600 వాట్లు, అనగా 15.7 ఆంపియర్లు పడుతుంది. ఒక్కొక్క దానికి 20 ఆంపియర్ల బ్రేకరు, 4 తీగ సరిపోతాయి. అయితే రెండు బ్రేకర్లూ ఒకేసారి తెగేటట్లు జతచేసి ఉండవలెను.

బ్రేకరు చూడలేని ప్రమాదం

తీగ, బ్రేకరు సరిగా ఎంచుకొన్నా ఒక ప్రమాదం మిగిలి ఉంటుంది. అది వదులైన కలయిక. సాకెట్ స్క్రూ వదులై ఆ చోట 0.1 ఓము నిరోధం ఏర్పడినదనుకొందాం. 13 ఆంపియర్లు పోయినపుడు ఆ ఒక్క చోటనే సుమారు 17 వాట్ల వేడి పుడుతుంది. ఒక చిన్న సోల్డరింగ్ కడ్డీని స్విచ్ బోర్డు లోపల వెలిగించి ఉంచినట్లు. కరెంటు ఏమీ పెరగలేదు కనుక బ్రేకరుకు ఇది తెలియదు.

దీనిని మనిషి ఇంద్రియాలే కనిపెట్టవలెను. ప్లగ్గు చేతికి వేడిగా తగలడం, సాకెట్ చుట్టూ గోధుమరంగు మచ్చ, చేపల కంపు వంటి వాసన, చిటపట శబ్దం, పొయ్యి వేయగానే దీపం రెపరెపలాడడం దీని గుర్తులు. కనిపించిన వెంటనే మెయిన్ ఆపి, సాకెట్‌ను మార్పించవలెను. తీగలను ఒకదానికొకటి మెలిపెట్టి టేపు చుట్టిన అతుకు పొయ్యి సర్క్యూట్‌లో ఎక్కడా ఉండరాదు.

ఎర్తింగ్, ఆర్.సి.సి.బి.

ఎం.సి.బి. తీగను కాపాడుతుంది, మనిషిని షాక్ నుండి కాపాడలేదు. మనిషి గుండెకు అపాయం కలిగించుటకు ఆంపియరులో చిన్న భాగం చాలును. అంత చిన్న కరెంటు 16 ఆంపియర్ల బ్రేకరుకు లెక్కలోకి రాదు. తడి నేల, స్టీలు గిన్నెలు ఉండే వంటింటికి 30 మిల్లీ ఆంపియర్ల ఆర్.సి.సి.బి. అవసరం. ఫేజులో పోయిన కరెంటు న్యూట్రల్‌లో తిరిగి రానిచో ఇది కన్ను మూసి తెరిచేలోపు సరఫరా తెంచుతుంది. అయితే ఆర్.సి.సి.బి. తీగను అధిక భారం నుండి కాపాడలేదు. కనుక రెండూ ఉండవలెను. రెండు పనులూ ఒకే పెట్టెలో చేసే దానిని ఆర్.సి.బి.ఓ. అంటారు. ఆర్.సి.సి.బి.పై ఉన్న పరీక్ష మీటను నెలకొకసారి నొక్కి చూడవలెను.

మూడు పుల్లల ప్లగ్గులోని పెద్ద పుల్ల ఎర్త్ కొరకు. సాకెట్‌లో ఆ రంధ్రం ఉన్నంత మాత్రాన దాని వెనుక ఎర్త్ తీగ ఉన్నదని కాదు. పాత ఇళ్ళలో ఈ తీగ లేకపోవుట కలదు. ఎలక్ట్రీషియన్ చేత పరీక్షింపజేయవలెను. మన దేశంలో సింగిల్ ఫేజు ఇంటిలో ఫేజుకు ఎరుపు, న్యూట్రల్‌కు నలుపు, ఎర్త్‌కు ఆకుపచ్చ రంగు తీగలు వాడుట ఆనవాయితీ.

మీటరు, మంజూరైన లోడు

స్తంభం నుండి మీటరు వరకు విద్యుత్ పంపిణీ సంస్థ బాధ్యత. మీటరు తరువాతి వైరింగు ఇంటి యజమాని బాధ్యత. హైదరాబాదుకు సరఫరా చేసే సంస్థ 2000లో ఆంధ్రప్రదేశ్ కేంద్ర విద్యుత్ పంపిణీ సంస్థగా ఏర్పడి, 2014లో రాష్ట్ర విభజన తరువాత తెలంగాణ దక్షిణ విద్యుత్ పంపిణీ సంస్థగా మారినది. ప్రతి కనెక్షన్‌కు కిలోవాట్లలో కొంత లోడు మంజూరై ఉంటుంది. ఈ అంకె బిల్లుపై కనిపిస్తుంది. 2 కిలోవాట్ల లోడు మంజూరైన ఇంటిలో రెండు పొయ్యిలు పెట్టదలచినచో ముందుగా అదనపు లోడుకు దరఖాస్తు చేయవలెను. సరఫరా ఫిర్యాదులకు 1912 సంఖ్యకు ఫోను చేయవచ్చును.

పి.వి.సి. తీగలకు భారతీయ ప్రమాణం ఐ.ఎస్. 694. తీగపై ఐ.ఎస్.ఐ. గుర్తు, ఈ సంఖ్య, మందం ముద్రించి ఉండవలెను. ట్రూప్ బజారు వంటి పెద్ద విద్యుత్ సామాను బజార్లలో చవకగా దొరికే గుర్తు లేని తీగలో రాగి మందం చెప్పినంత ఉండకపోవచ్చును. ఇంటి వైరింగుకు సంబంధించిన ప్రమాణం ఐ.ఎస్. 732, తాజా కూర్పు 2019లో వెలువడినది.

ఇతర దేశాలలో

అమెరికాలో స్థిరపడిన తెలుగువారి ఇళ్ళలో వంట పొయ్యికి 240 ఓల్టుల విడి సర్క్యూట్ ఉంటుంది. సాధారణంగా 40 ఆంపియర్ల బ్రేకరుకు 8 గేజి, 50 ఆంపియర్ల బ్రేకరుకు 6 గేజి రాగి తీగ వాడుతారు. అక్కడి గేజి మన పాత గేజికి వేరైనది. 8 గేజి 8.4 చదరపు మి.మీ.కు, 6 గేజి 13.3 చదరపు మి.మీ.కు సమానం. అక్కడి మామూలు సాకెట్లలో 120 ఓల్టులే ఉంటుంది కనుక 1800 వాట్ల చిన్న పొయ్యి సైతం 15 ఆంపియర్లు తీసుకొంటుంది. అట్టి 120 ఓల్టుల పొయ్యిని ఇచ్చటికి తెచ్చి 230 ఓల్టులకు తగిలించినచో కాలిపోతుంది.

బ్రిటన్‌లో 32 ఆంపియర్ల బ్రేకరు, 6 చదరపు మి.మీ. తీగ వాడుక. అన్ని పొయ్యిలూ ఒకేసారి పూర్తి మంటపై ఉండవన్న అంచనాతో, మొదటి 10 ఆంపియర్లు పూర్తిగా, మిగిలిన దానిలో 30 శాతం మాత్రమే లెక్కలోకి తీసుకొంటారు. సంక్రాంతి నాడు నాలుగు పొయ్యిలూ వెలిగే మన వంటింటికి ఆ అంచనాపై ఆధారపడుట అంత క్షేమం కాదు.

బ్రేకరు పడిపోతున్నచో చేయవలసినవి

# పొయ్యి ప్లగ్గు తీసివేసి బ్రేకరును ఒక్కసారి పైకి వేయవలెను. పొయ్యి లేకుండానే వెంటనే పడిపోయినచో తీగలో గాని ఇంకొక ఉపకరణంలో గాని షార్ట్ సర్క్యూట్ ఉన్నది. మరల మరల వేయరాదు.
# పొయ్యి పెట్టిన కొన్ని నిమిషాలకు పడిపోయినచో అది అధిక భారం. అదే బ్రేకరుపై ఉన్న ఇతర ఉపకరణాల వాట్లు కూడి చూడవలెను.
# ఆర్.సి.సి.బి. పడినదా, ఎం.సి.బి. పడినదా గమనించవలెను. ఆర్.సి.సి.బి. పడినచో కరెంటు ఎక్కడో నేలకు కారుచున్నదని అర్థం. ఆ పొయ్యిని ముట్టరాదు.
# మెయిన్ ఆపించి ఎలక్ట్రీషియన్ చేత సాకెట్ వెనుక తీగ మందం చూపించుకొనవలెను. బోర్డు వద్ద ఒక కొలత, సాకెట్ వద్ద ఇంకొక కొలత ఉన్నచో అన్నిటికన్నా సన్నని తీగనే లెక్కలోకి తీసుకొనవలెను.
# తీగ మార్చకుండా బ్రేకరు మాత్రమే పెంచెదనని ఎవరైనా అన్నచో ఒప్పుకొనరాదు. తీగ పెంచిన తరువాతనే బ్రేకరు పెంచవలెను.

ఈ లెక్కలు ఇంటివారు విషయం గ్రహించి సరియైన ప్రశ్నలు అడుగుటకు ఉద్దేశించినవి. తీగలు విప్పే పని లైసెన్సు గల ఎలక్ట్రికల్ కాంట్రాక్టరు చేతనే చేయించవలెను.

ఇవి కూడా చూడండి

* ఓం నియమం
* విద్యుత్ నిరోధం
* ఫ్యూజు
* ఇండక్షన్ స్టవ్
* ఎర్తింగ్
* రాంనగర్